ఇంటికి వచ్చిన ఆఫీసు



మా సంఘంలో పెద్దలు కొందరు, “ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే కదమ్మా, ఇక కష్టమేముంది?” అని అడుగుతుంటారు. వారి పిల్లలేమో, “ఇంట్లో ఉన్నామన్న మాటే గాని మేము ఇంట్లో లేము ఆంటీ” అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. నేను పద్దెనిమిదేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లుగా పన్నెండుమంది ఉన్న ఒక టీము బాధ్యత నాది. ఒకే కంపెనీ, ఒకే పని. అయినా ఆఫీసు ఇంటికి వచ్చినప్పుడు ఒక ఇంట అది దీవెన అయింది, ఇంకొక ఇంట మోయలేని బరువైంది. ఎందుకని? ఈనాడు మన సంఘాల్లో ఇటువంటి ఉద్యోగాలు చేసే బిడ్డలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఇది మనందరం కలిసి ఆలోచించవలసిన సంగతి.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25వ తేదీ నుండి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చాయి. ఆ రోజుల్లోనే మా ఆఫీసు కంప్యూటర్లు ఇళ్లకు చేరాయి. హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉన్న మా పిల్లలు కొందరు ముందుగానే, మరికొందరు సడలింపులు వచ్చాక సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. కొన్ని వారాల ఏర్పాటనుకున్నది నెలలైంది. ఆ ఏడాది నవంబరులో టెలికాం శాఖ బి.పి.ఓ. వంటి సేవాసంస్థల నిబంధనలను సడలించి, ఇంటినుండి పని చేయించడానికి దారి సులువు చేసింది. అప్పటికి మా పన్నెండుమందీ తొమ్మిది ఊళ్లలో ఉన్నారు.

సాఫ్ట్‌వేరు పని ఎరుగని చదువరుల కోసం ఒక పోలిక చెబుతాను. అది ఒక్కరు తలుపు వేసుకుని రాసుకునే లెక్క కాదు. పెళ్లి వంటల గుంపు వంటిది. ఒకరు ఎసరు పెడితే ఇంకొకరు బియ్యం కడిగి సిద్ధంగా ఉంచాలి. ఎసరు మరిగిందని ఒక కేక వేస్తే చాలు, పని సాగిపోతుంది. ఆ కేక వినబడనంత దూరంలో ఒక్కొక్కరినీ ఒక్కో ఊళ్లో కూర్చోబెడితే వంట ఎట్లా సాగుతుంది? సాగింది. కానీ అందరికీ ఒకేలా సాగలేదు.

మొదటి కారణం ఇల్లే. మా టీములో ఒకతనికి నంద్యాలలో మేడ మీద సొంత గది ఉంది. కిటికీ తెరిస్తే వేపచెట్టు, కింద అమ్మ చేతి కాఫీ. హైదరాబాదు ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోగొట్టుకున్నవాడికి అవి తిరిగి దొరికాయి. తండ్రితో కలిసి భోజనం చేయడం కాలేజీ రోజుల తరువాత మళ్లీ అప్పుడేనని చెప్పి సంతోషించాడు. అదే టీములో ఖమ్మం దగ్గర మరొక సహోదరుడు రెండు గదుల ఇంట్లో ఏడుగురి మధ్య ఉండేవాడు. మీటింగు ఉందంటే మేడ మెట్ల మీద కూర్చునేవాడు. కరెంటు పోతే ఇంటర్నెట్టూ పోయేది. సెల్‌ఫోను సిగ్నలు కోసం డాబా ఎక్కేవాడు. మరొక సహోదరికి నాలుగేళ్ల బాబు. భర్తకు ఆసుపత్రిలో డ్యూటీ. ఇంట్లో ఉన్నది ఒక్క బల్ల. దాని మీద ఉదయం కూరగాయలు, తరువాత కంప్యూటరు, మధ్యాహ్నం బాబు భోజనం, మళ్లీ కంప్యూటరు. ఈ ముగ్గురి పనినీ ఒకే కొలతతో కొలవడం న్యాయమా?

ఇది మా టీము ఒక్కదాని అనుభవం కాదు. 2020లో కొందరు పరిశోధకులు 12 భాషల్లో ప్రశ్నలు పంపి, 53 దేశాల నుండి 2,225 మంది సాఫ్ట్‌వేరు ఉద్యోగుల జవాబులు సేకరించారు. మనస్సు నెమ్మది తగ్గిన చోట పనీ తగ్గిందనీ, ఇంట్లో పనికి తగిన చోటు ఉండటం లేకపోవడం ఎంతో తేడా చూపిందనీ వారు కనుగొన్నారు. స్త్రీలకు, పిల్లలున్న తలిదండ్రులకు, వికలాంగులకు వేరు వేరు సహాయం అవసరమని కూడా రాశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఉద్యోగులను అడిగినప్పుడు మూడు వేలకు పైగా జవాబులు వచ్చాయి. ఒకరు మేలు అని చెప్పినదే మరొకరు కీడు అని చెప్పారు. కుటుంబం దగ్గర ఉండటం ఒకరికి ఊరట, మరొకరికి ఆటంకం. నిశ్శబ్దం ఒకరికి విశ్రాంతి, మరొకరికి ఒంటరితనం.

రెండవ కారణం పాత పరిచయం. నాలుగేళ్లు పక్కపక్కన కూర్చుని, ఒకరి టిఫిను డబ్బాలో మరొకరు చెయ్యి పెట్టినవారికి దూరం అంత బాధ కాలేదు. “అదే సంగతి” అని రెండు ముక్కలు రాస్తే ఏ సంగతో అర్థమయ్యేది. కొత్తవారి కష్టం వేరు. 2021 జనవరిలో మార్కాపురం వైపు నుండి ఒక అమ్మాయి మా టీములో చేరింది. వారి ఇంట్లో ఇంజనీరింగు చదివిన మొదటి బిడ్డ. కంప్యూటరు కొరియరులో ఇంటికి వెళ్లింది. ఆఫీసు గుమ్మం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. రోజంతా ఒకే చిక్కు దగ్గర కూర్చుని, రాత్రి తొమ్మిది గంటలకు “సారీ మేడమ్, ఇంకా కాలేదు” అని ఒక్క ముక్క రాసేది. మా టీములో వయసులో పెద్దాయన ఒకరు ఆమెకు ఫోను చేసి, “ఎందుకమ్మా అడగవు?” అన్నారు. “మీరు ఖాళీగా ఉన్నారో లేదో నాకు కనబడదు కదా సార్. అడిగితే ఏమీ రాదనుకుంటారేమో” అని ఏడ్చిందట. ఆఫీసులో అయితే ముఖం చూస్తే తెలిసిపోయేది. టీ తాగుతూ చెప్పే రెండు మాటలతో తీరే సందేహం అది.

ఒక పెద్ద అమెరికా కంపెనీలోని సాఫ్ట్‌వేరు ఇంజనీర్లను గమనించిన ఆర్థికవేత్తలు కూడా ఇదే చూశారు. తమ టీముకు దగ్గరగా కూర్చున్నవారికి తమ పని మీద ఎక్కువ సలహాలు అందేవి. ఆ మేలు ఎక్కువగా పొందినవారు చిన్నవారు, స్త్రీలు. ఆఫీసులు మూతపడగానే ఆ తేడా కరిగిపోయింది. అయితే దగ్గర కూర్చున్నప్పుడు నేర్పే పెద్దల సొంత పని మాత్రం కొంత తగ్గేది. అంటే అనుభవమున్నవారికి ఇంటి నిశ్శబ్దం లాభం. నేర్చుకునే పిల్లకు అదే నష్టం. ఎవరి పని ఎంత పూర్తయిందన్న పట్టిక చూస్తే ఆ నష్టం వెంటనే కనబడదు. రెండేళ్ల తరువాత కనబడుతుంది.

ఆ పెద్దాయన సలహా మీదనే రోజూ సాయంకాలం నాలుగు గంటలకు అరగంట ఫోను లైను తెరిచి ఉంచే పద్ధతి పెట్టాము. ఏ విషయమూ ముందుగా అనుకునే పని లేదు. ఎవరికి ఏ చిక్కు ఉంటే అది చెప్పవచ్చు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక పెద్దవారిని తోడుగా ఇచ్చాము. పౌలు థెస్సలొనీక సంఘానికి దూరమైనప్పుడు పత్రిక రాసి ఊరకుండలేదు. తాను వెళ్లలేక, వారి క్షేమం తెలుసుకుని రమ్మని తిమోతిని పంపాడు. ఎంత మంచి ఉత్తరమైనా ఒక మనిషి చేసే పని చేయలేదని ఆయనకు తెలుసు.

మూడవ కారణం పని స్వభావం. ఎవరి భాగం వారు విడిగా చేసుకోగలిగినవారు ఇంట్లో హాయిగా చేశారు. నాలుగు టీములతో మాట్లాడితే గాని ఒక అడుగు పడని పని ఉన్నవారు తంటాలు పడ్డారు. మెల్విన్ కాన్వే అనే కంప్యూటరు నిపుణుడు 1968లోనే ఒక సంగతి రాశాడు. ఒక సంస్థలో మనుష్యులు ఒకరితో ఒకరు ఎట్లా మాట్లాడుకుంటారో, వారు తయారు చేసే వస్తువు కూడా అదే రూపం ఎత్తుతుందని దాని భావం. మాటలు తెగిన చోట సాఫ్ట్‌వేరు అతుకులు కూడా ఊడుతాయి. మైక్రోసాఫ్ట్‌లో 61,182 మంది అమెరికా ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2021లో ప్రచురించిన వ్యాసం ఇటువంటి సంగతే తెలిపింది. ఇంటినుండి పని మొదలైన తరువాత ఎవరి గుంపులో వారు దగ్గరగా ఉన్నారు గాని, గుంపులకు మధ్యనున్న వంతెనలు తగ్గాయి. నేరుగా మాట్లాడుకోవడం తగ్గి, రాత ఎక్కువైంది. 2020 ఏప్రిల్ 12న ఈస్టరు ఆరాధన ఇళ్లలోనే జరుపుకున్న మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. క్వయరు పిల్లలు ఫోనులో కలుసుకున్నారు, స్త్రీల సమాజం వేరుగా కలుసుకుంది. ఆరాధన అయ్యాక ఆవరణలో చెట్టు కింద ఈ గుంపువారు ఆ గుంపువారితో కలిసే ఆ పది నిమిషాలే పోయాయి.

నాలుగవది వేళ. పూర్వం ఆఫీసుకు ఒక తలుపుండేది. అది వేస్తే పని ఆగేది. ఇంట్లో ఆ తలుపు లేదు. అమెరికాలో ఉదయం పదకొండైతే మనకు రాత్రి ఎనిమిదిన్నర. సరిగ్గా మా ఇంట కుటుంబ ప్రార్థన వేళకు తెర మీద పిలుపు మోగేది. ఒక రాత్రి మా అత్తగారు బైబిలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, “ఈ పనికి సాయంకాలం లేదా అమ్మా?” అన్నారు. ఆమె ఏ పరిశోధనా చదవలేదు. ఆదికాండము మొదటి అధ్యాయం చదివారు. దేవుని సృష్టి పనిలో కూడా ప్రతి దినానికీ ఒక అస్తమయం ఉంది. ఆసియాలోని ఒక పెద్ద ఐ.టి. కంపెనీలో పది వేలమందికి పైగా ఉద్యోగుల లెక్కలు తీసి చూసినవారు చెప్పినదీ అదే. ఇంటినుండి పని వచ్చాక గంటలు పెరిగాయి, మీటింగులు పెరిగాయి, పని మాత్రం దాదాపు అంతే జరిగింది. అంటే పెరిగిన గంటలు ఎవరి సంచిలోనూ పడలేదు. మా టీములో ఒక నియమం చేసుకున్నాము. రాత్రి కాల్ ఉన్నవారు మరునాడు ఆలస్యంగా మొదలుపెట్టాలి. ఒకరికే వరుసగా రెండు రాత్రులు పడకూడదు. ఇది చిన్న నియమమే. కాని దానివలన మా ఇంట్లోనూ మరికొన్ని ఇళ్లలోనూ రాత్రి భోజనం మళ్లీ కలిసి చేయగలిగారు.

అయిదవది నమ్మకం. కొన్ని చోట్ల ఉద్యోగి ఎన్నిసార్లు మీటలు నొక్కాడో లెక్కపెట్టే ప్రోగ్రాములు పెట్టారు. అందుకు జవాబుగా ఊరికే మౌసును కదిలించే యంత్రాలు అమ్మకానికి వచ్చాయి! కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు, యజమాని చూస్తున్నప్పుడు మాత్రమే చేసే సేవను గురించి పనివారిని హెచ్చరించాడు. ఆ వెంటనే యజమానులవైపు తిరిగి, మీకూ పరలోకంలో ఒక యజమాని ఉన్నాడు గనుక న్యాయం తప్పవద్దని చెప్పాడు. ఈ రెండు హెచ్చరికలనూ విడదీయకూడదు. నమ్మకమున్న టీములో, “మా బాబుకు జ్వరం, రేపు చేస్తాను” అని ఒకరు ధైర్యంగా చెప్పగలిగారు. నమ్మకం లేని చోట అదే తల్లి బాబును ఒళ్లో పెట్టుకుని, కెమెరా ఆపి, పని చేస్తున్నట్టు నటించవలసి వచ్చింది.

ఈ సంగతులన్నిటినీ తలపోస్తున్నప్పుడు నాకు నెహెమ్యా గ్రంథం కొత్తగా అర్థమైంది. యెరూషలేము గోడ కట్టినవారిలో అనేకులు ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని వారు కట్టారు. బంగారు పనివారున్నారు, వర్తకులున్నారు, షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి కట్టాడు. గోడ పొడవు గనుక ఒకరికొకరు ఎంతో ఎడంగా ఉన్నారు. అయినా 52 దినాల్లో పని ముగిసింది. ఎట్లా? మూడవ అధ్యాయం చూడండి, ఎవరు ఎక్కడున్నారో పేరు పేరున రాసి ఉంది. నాలుగవ అధ్యాయం చూడండి, బాకా ఊదేవాడు నెహెమ్యా పక్కనే నిలిచాడు. ఆ ధ్వని వినబడితే అందరూ ఒక చోటికి రావాలి. మనం తరచుగా ఇక్కడితో ఆగిపోతాము. అయిదవ అధ్యాయం చాలామంది గోడకు సంబంధం లేనిదిగా దాటివేస్తారు. పని మధ్యలో జనుల ఇళ్లనుండి మొర వినబడింది. ధాన్యం లేదు, పొలాలు తాకట్టులో ఉన్నాయి, బిడ్డలు దాసులవుతున్నారు. అది గోడ సంగతి కాదులే అని నెహెమ్యా అనలేదు. సభ కూర్చి, ఇళ్ల సంగతి చక్కబెట్టాడు. దూరదూరంగా ఉన్నవారితో పని చేయించే వ్యక్తికి, వారి ఇళ్లలో ఏమి జరుగుతుందో తెలుసుకోవడం పనిలో భాగమేనని నేను ఆ అధ్యాయం నుండి నేర్చుకున్నాను.

ఇప్పుడు గాలి తిరిగింది. 2020 ఏప్రిల్‌లో టి.సి.ఎస్. సంస్థ, 2025 నాటికి తన ఉద్యోగుల్లో నూటికి 25 మంది మాత్రమే ఆఫీసులో ఉంటే చాలని ప్రకటించింది. 2023 అక్టోబరు నాటికి అదే సంస్థ అందరినీ ఆఫీసుకు పిలిచింది. మరెన్నో కంపెనీలు ఇదే దారి పట్టాయి. మా దగ్గర కూడా వారానికి మూడు రోజులు రావాలని నిర్ణయమైంది. ఎవరికైనా మినహాయింపు కావాలంటే టీము బాధ్యులు కారణం రాసి పంపాలి.

నా ముందు ఇద్దరి సంగతులు ఉన్నాయి. ఒకడు పల్నాడు వైపు ఊరివాడు, ఒక్కడే కొడుకు. తండ్రికి వారానికి మూడు సార్లు డయాలసిస్. తీసుకువెళ్లేదీ, కూర్చునేదీ, తీసుకువచ్చేదీ ఇతనే. ఆ రోజుల్లో తెల్లవారుజామున లేచి పని ముగించేవాడు. హైదరాబాదుకు రావాలంటే ఉద్యోగమో తండ్రో తేల్చుకోవాలి. రెండవది ఆ మార్కాపురం అమ్మాయే. ఇప్పుడు హైదరాబాదులో హాస్టలులో ఉంటోంది. ఆమె నాతో, “మేడమ్, నాకు అయిదు రోజులూ ఆఫీసు కావాలి. హాస్టలు గదిలో ఒక్కదాన్నే తెర చూసుకుంటూ ఉంటే నా గొంతు నాకే మరచిపోతున్నట్టుంది” అన్నది. ఒకే నియమం ఈ ఇద్దరిలో ఒకరిని నిలబెడుతుంది, ఒకరిని పడగొడుతుంది.

చైనాకు చెందిన ట్రిప్.కాం అనే ప్రయాణాల కంపెనీలో 1,612 మందితో ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 2024లో ప్రచురించారు. వారానికి రెండు రోజులు ఇంటినుండి పని చేసినవారికీ అన్ని రోజులూ ఆఫీసుకు వచ్చినవారికీ పనిలో తేడా కనబడలేదు. కాని ఉద్యోగం మానేసేవారు మూడవ వంతు తగ్గారు. ఆ మేలు స్త్రీలలో, దూరం నుండి వచ్చేవారిలో స్పష్టంగా కనబడింది. నా ఉత్తరంలో ఈ సంగతీ రాశాను, ఆ ఇంటి పరిస్థితీ రాశాను. పై అధికారులు ఆలోచించి, ఆ కుమారుడు నెలకు మూడు రోజులు వస్తే చాలునని ఆరు నెలలకు అనుమతి ఇచ్చారు. ఆ తరువాత ఏమవుతుందో ఇంకా తెలియదు. తండ్రి కోసం మా ఇంట రోజూ ప్రార్థిస్తున్నాము. ఇక ఆ అమ్మాయి కోసం, ఆమెకు పని నేర్పే ఇద్దరూ ఆమె వచ్చే రోజుల్లోనే ఆఫీసుకు వచ్చేటట్టు ఏర్పాటు చేసుకున్నాము. ఎవరూ లేని హాలులో కూర్చుని చెవులకు మైకు తగిలించుకుంటే, హాస్టలు గదికీ ఆఫీసుకూ తేడా ఏముంది?

ప్రియ చదువరులారా, కంపెనీ నియమాలు మన చేతిలో లేవు. ఇల్లు మన చేతిలో ఉంది. ఇంటినుండి పని చేసే కోడలు ఇంట్లో ఉంది గదా అని పగలంతా వంటింటి పని కూడా ఆమెకే అప్పగించకండి. కూతురైనా కోడలైనా, ఆమె తలుపు వేసుకున్న గంటలు ఆమె పనిగంటలని ఎంచండి. సహోదరులారా, ఒకే బల్ల ఉంటే ఆ బల్ల ఎప్పుడు ఎవరిదో భార్యాభర్తలు మాట్లాడుకోండి. బిడ్డలారా, మీ పనికి ఒక సాయంకాలం నియమించుకోండి. ఆ వేళకు కంప్యూటరు మీద గుడ్డ కప్పి అమ్మానాన్నల దగ్గర కూర్చోండి.

సంఘం కూడా చేయగలిగినది ఉంది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో మన చర్చి ఆవరణల్లో వారం పొడుగునా తాళం వేసి ఉండే గదులున్నాయి. ఒక ఫ్యాను, ఒక బల్ల, కరెంటు పోయినా ఆగని ఇన్వర్టరు, ఇంటర్నెట్టు పెట్టిస్తే, మేడ మెట్ల మీద కూర్చుని పని చేసే ఒక బిడ్డకు అది ఎంత సహాయం! నగరాల్లోని సంఘాలు తమ దగ్గరలో ఉన్న హాస్టళ్లలో మన బిడ్డలెవరున్నారో కనుక్కోవచ్చు. ఆదివారం ఆరాధన కాగానే ఒకరిని భోజనానికి పిలవండి. “ఎట్లా ఉన్నావమ్మా?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.

గోడ పొడవైనది, పని గొప్పది, మన బిడ్డలు ఎడంగా ఉన్నారు. ఎవరి ఇంటికి ఎదురుగా ఎవరు నిలిచి ఉన్నారో ప్రభువుకు పేరు పేరున తెలుసు. ఆ జ్ఞానంలో కొంత మనకును అనుగ్రహించి, మన గృహములను సమాధానముతో ఆయన నింపును గాక. ఆమేన్.